ఉప్పుబాట ఎవరిచ్చారు

అక్టోబరు రెండో ఆదివారం, మధ్యాహ్నం మూడు దాటాక, క్రాగ్‌రాయిడ్‌లోని వీట్‌షీఫ్ పబ్ వెనకగదిలో థర్జా హోల్‌రాయిడ్ 'ఉప్పుబాట' పాడింది. ఆ రోజు ఆ పాట ఎఫీ లార్కమ్ పాడాలి. రికార్డింగు నడుస్తోంది.

హాలిన్ గేట్ బృందం కొత్త ఆల్బమ్‌కు పది పాటలు లీడ్స్ స్టూడియోలో పూర్తి చేసింది. చివరి పాట మాత్రం ఈ గదిలో, ఆదివారాలు పాడుకోవడానికి వచ్చేవాళ్ల కోరస్‌తో రికార్డు చేయాలని ఫిడేలు వాయించే జాస్ ఎకర్స్‌లీ నిర్ణయించాడు. గొంతు ఎఫీది అన్నాడు. ఎఫీ బృందంలో చేరి రెండేళ్లు కాలేదు. జాస్, థర్జా కలిసి ఆ బృందం పెట్టి పంతొమ్మిదేళ్లు.

ఆ చివరి పాట, ఉప్పుబాట, విన్ సగ్డెన్‌ది. ఆమెకు ఎనభై దాటాయి. ఉప్పు మూటలతో కొండ దాటిన మొగుడి కోసం మంచులో ఎదురుచూసే ఆడమనిషి పాట అది. ఇక్కడ పాట నేర్పారు అనరు, ఇచ్చారు అంటారు. బృందం పెట్టిన చలికాలం విన్ దాన్ని థర్జాకు ఇచ్చింది. పోయిన చలికాలం ఎఫీకి కూడా ఇచ్చింది. ఆ సంగతి థర్జాకు జాస్ చెప్పాడు. విన్ చెప్పలేదు.

గదిలో పద్ధతులు రెండు. ఒకసారి పాడిన పాట ఆ రోజు మళ్లీ ఎవరూ పాడరు. పాట ఎవరిదో వాళ్లు గదిలో ఉంటే, అడిగి పాడాలి; ఇచ్చిన పాట మొదట అందుకున్నవాళ్లదవుతుంది. ఎఫీ సెప్టెంబరులోనే థర్జాను అడిగింది. "పాడుకో, నాకేం?" అంది థర్జా.

ఆదివారం పాడే వంతులు మొదలయ్యే ముందు థర్జా బార్ దగ్గర జాస్‌ను పట్టుకుంది.

"ఆల్బమ్ అట్ట మీద కూడా ఆ పిల్లే ముందుంది."

"నలుగురం ఉన్నాం కదా."

"ముందు ఎవరున్నారని అడుగుతున్నా."

"పొట్టిది కాబట్టి ఫొటో తీసినవాడు ముందు నిలబెట్టాడు, థర్జా. వెనక నిలబెడితే టోపీ తప్ప ఏం కనపడదు."

థర్జా నవ్వలేదు.

వంతు తలుపు దగ్గర మొదలై ఎడమకు తిరుగుతుంది. థర్జా తర్వాత ఇద్దరు, ఆ తర్వాత ఎఫీ. థర్జా గొర్రెల కాపరి పాట పాడతానని ముందే చెప్పింది. వంతు రాగానే కళ్లు మూసుకుని ఉప్పుబాట ఎత్తుకుంది. జాస్ ఫిడేలు కమాను మోకాలి మీద పెట్టేశాడు. గదిలో జనం కోరస్ అందుకున్నారు. ఎఫీ కూడా అందుకుంది.

పాట అయ్యాక చప్పట్లు కొట్టారు. మొదట మాట్లాడింది విన్.

"బాగా పాడావు తల్లీ. కానీ నేనిచ్చింది అది కాదు."

"అదే, విన్."

"నా పాటలో ఆవిడ చివరికి దీపం ఆర్పి పడుకుంటుంది. మొగుడు రాడని తెలిసిపోయింది మరి. నువ్వేమో చేతికి దీపమిచ్చి మంచులోకి తోలావు. ఈ చలిలో ఎందుకే దానికి ఆ బాధ?"

గది అంతా నవ్వింది. నవ్వు ఆగాక ఎఫీ అంది, "ఆ లైను నాది, విన్. రిహార్సల్లో మీ చివరి చరణం గుర్తురాక నేనే కట్టాను. తర్వాత అదే అలవాటైపోయింది."

జాస్ థర్జా వైపు తిరిగాడు. "రిహార్సల్ రికార్డింగు పంపితే తెరవనే లేదన్నావు?"

థర్జా వారంలో ఐదు రోజులు స్కూలు బస్సు నడుపుతుంది. "బస్సులో పెట్టుకుంటున్నా," అంది.

"ఎన్నిసార్లు?"

"బస్సులో పిల్లలందరికీ వచ్చేసింది. చాలా?"

ఎఫీతో మళ్లీ పాడించమని జాస్ విన్‌ను అడిగాడు. "పాట అయిపోయింది నాయనా. రాజుగారొచ్చి అడిగినా అయిపోయిందే," అంది విన్. తన వంతులో ఎఫీ వేరే పాట పాడింది.

ఆల్బమ్ అట్ట లోపల ప్రతి పాట కిందా ఎవరిచ్చారో ఒక వరుస ఉంటుంది. బుధవారం థర్జా విన్ ఇంటికి వెళ్లింది. విన్ టీ పోసి, అల్లం కేకు కోసి పెట్టింది. థర్జా కేకు ముట్టుకోలేదు.

"ఉప్పుబాట కింద నీ పేరే వేస్తున్నాం, విన్."

"నేనిచ్చింది పాడితే వేసుకో."

"ఒక్క లైనే కదా!"

"ఆ లైను దగ్గరికి రావడానికే కదమ్మా మిగతా పాటంతా."

"నాకిచ్చిన పాట దానికెందుకిచ్చావు?"

"అడిగింది. నువ్వూ అడిగితేనే ఇచ్చాను." విన్ కేకు పళ్లెం ముందుకు జరిపింది. "స్టూడియోకి వెళ్లి మళ్లీ పాడు. దీపం ఆర్పెయ్. నా పేరు వేసుకో."

శుక్రవారం థర్జా లీడ్స్ వెళ్లింది. మొదటిసారి చివరి చరణం దాకా వచ్చి ఆగింది. రెండోసారి దీపం ఆర్పింది. జాస్ ఆ రికార్డింగు వినిపించాడు. ఇద్దరూ చివరిదాకా విన్నారు.

"ఆ పిల్లదే బాగుంది," అంది థర్జా.

జాస్ రికార్డింగు ఆపాడు.

"పంతొమ్మిదేళ్లు పాడాను జాస్. ఆవిడను బయటికి పంపాలని నాకెందుకు తట్టలేదు?"

"ఇప్పుడు రెండే దారులు. ఇది వేసి విన్ పేరు పెట్టడం. ఆదివారానిది వేసి ఎఫీ పేరు పెట్టడం. కోరస్ ఉన్నది ఆదివారం దాంట్లోనే."

"ఎఫీనే పిలిచి పాడించవచ్చుగా? మూడోది ఎందుకు చెప్పవు?"

"నువ్వు ఒప్పుకుంటావా?"

"ఒప్పుకోను," అంది థర్జా. "ఆదివారానిది వెయ్యి."

ఆల్బమ్ మార్చిలో వచ్చింది. పదకొండో పాట ఉప్పుబాట. గానం థర్జా హోల్‌రాయిడ్. దాని కింద, ఇచ్చినది ఎఫీ లార్కమ్ అని ఉంది.

విడుదల సభ వీట్‌షీఫ్ వెనకగదిలోనే జరిగింది. బృందం వరసగా పది పాటలు పాడింది. పదకొండోది ఇప్పుడు ఎఫీది; పాడాలంటే థర్జా ఆమెను అడగాలి. ఎఫీ పక్కనే ఉంది. థర్జా అడగలేదు. జాస్ ఫిడేలు పెట్టెలో పెట్టాడు.