పిక్క మీద చపాతీ కర్ర

నేను ఒక చపాతీ కర్రను. పిండి వత్తడం నా పని. మనిషి పిక్కలు వత్తడం నా పని కాదు. ఈ తేడా తెలియని మనిషి చేతిలో పడ్డాను. నాకేం ఫరవాలేదు, కర్రను. ఒక ఆడపిల్ల కాలు పాడైంది.

పార్వతీపురం వైపు ఒక వడ్రంగి, గుమ్మం చెయ్యగా మిగిలిన టేకు ముక్కను తరిణి పట్టి, గుండ్రంగా చెక్కి నన్ను చేశాడు. అదే మానులోని వెడల్పాటి ముక్కతో నా పీటను చేశాడు. సంతలో రవణమ్మ మా ఇద్దరినీ కొన్నది. కొనేముందు వంకర ఉందేమోనని నన్ను అరచేతుల మధ్య దొర్లించి చూసింది. అంత శ్రద్ధగా నన్ను మళ్లీ ఎవరూ చూడలేదు. పిండి బిగుసుకుంటే ఆమె బలం పెట్టేది కాదు. తడిగుడ్డ కప్పి వదిలేసేది. కాసేపటికి అదే లొంగేది.

పచ్చకామెర్లతో రవణమ్మ పోయింది. పెద్దకర్మకు వచ్చిన ఆడపడుచు వెళ్తూ వెళ్తూ పీటను సంచిలో వేసుకుంది. నేను మిగిలాను. పీట లేకుండా కర్ర ఏం చేసుకుంటుందని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో చపాతీలు మానేశారు.

రవణమ్మ మొగుడు దాలినాయుడు. కుర్రతనంలో సైన్యంలో చేరడానికి వెళ్లి, పరుగులో వెనకబడి తిరిగొచ్చాడు. ఆ సంగతి చెప్పేటప్పుడు మాత్రం, సైన్యమే తనను పోగొట్టుకున్నట్టు చెబుతాడు. తనకు రాని పరుగును కూతురి కాళ్లలో పెట్టాలనుకున్నాడు. కూతురు హేమసుందరి. పోలీసు కానిస్టేబుల్ రాతపరీక్ష పాసయింది. ఇక పరుగు నెగ్గాలి. వచ్చే ఏటికి ఆమె వయసు దాటిపోతుంది. ఇదే ఆఖరు.

ఆమె మొదట కాలవగట్టు మీద, మెత్తటి మట్టిలో పరిగెత్తేది. బాగానే పరిగెత్తేది. అది ఆటలాగుందని తండ్రి ఆమెను తారురోడ్డు ఎక్కించాడు. ఒక్క వారంలో దూరం రెట్టింపు చేశాడు. తాను సైకిలు మీద వెనక వచ్చేవాడు. సైకిలు తొక్కేవాడికి ఎదుటివాళ్ల పరుగు ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది.

పిక్క పట్టేసింది. ఆమె మడమ నేలకు ఆన్చలేక మునివేళ్ల మీద ఇంటికొచ్చేది. ఊరంతా వైద్యులే కదా. నరం మడత పడిందన్నారొకరు. ఆముదం కాచి రాయమన్నారొకరు. పిల్లాడి చేత తొక్కించమన్నది పక్కింటావిడ. రిటైరైన హవల్దారు అప్పలస్వామి అరుగు మీద కూర్చుని, "నొప్పంటే బలమొత్తోందన్నమాట" అన్నాడు. ఆ బలమంతా వచ్చినవాడే అతను. అరుగు మీంచి లేవాలంటే ఇద్దరు పట్టుకోవాలి.

అప్పుడు దాలినాయుడి కన్ను వంటింట్లో నా మీద పడింది.

కూతుర్ని బోర్లా పడుకోబెట్టి పిక్క మీద నన్ను దొర్లించాడు. లోపల ముడిపడ్డ కండ నాకు తగిలింది. మెల్లగా దొర్లిస్తే అది కొంచెం వదులయ్యేదే. మెల్లగా అన్నది ఆ మనిషి నోట్లోనే లేదు, చేతిలో ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆమె దిండు అంచు కొరుక్కుంటుంటే, "పిక్కబలం ఊరికే రాదు పాపా" అని ఇంకా నొక్కాడు. మర్నాటినుంచి సైకిలు సంచిలో నన్నూ రోడ్డు మీదికి తీసుకెళ్లాడు. వంటింటి వస్తువుకు అంతకంటే అవమానం ఏముంటుంది?

ఒక తెల్లవారుజామున ఇటుక బట్టీ దాటాక హేమసుందరి పరుగు మధ్యలో ఆగి వెనక్కి చూసింది.

"నానా, ఎవుడో పిక్క మీద రాయేసినాడు" అంది. అంటూనే కూలబడింది.

దాలినాయుడు సైకిలు పడేసి, రోడ్డు పక్కన మేకలు తోలుకుపోతున్న పోలయ్య మీదికి పోయాడు. రాయేసినోడివి నువ్వేనా అని మెడ పట్టుకున్నాడు.

"నానెందుకేత్తాను బాబూ. మేకల మీదే ఎయ్యను" అన్నాడు పోలయ్య.

అయినా రాయి కోసం రోడ్డంతా వెతికాడు. దొరకలేదు. పిక్కలో కండ చిరిగితే అచ్చంగా వెనక నుంచి రాయి తగిలినట్టే ఉంటుందట. ఆ సంగతి తర్వాత ఆసుపత్రిలో చెప్పారు. ఈలోగా అతను చెయ్యాల్సిన పని చేసేశాడు. ఉబ్బుతున్న పిక్క మీద, ఆ రోడ్డు పక్కనే, నన్ను పెట్టి బలంకొద్దీ నొక్కాడు. ఆమె అరిచిన అరుపుకు మేకలు చెదిరిపోయాయి. గోధుమపిండి ఎప్పుడూ అరవలేదు. నాకు అలవాటు లేదు.

పెద్దాసుపత్రి డాక్టరు కాలికి పట్టీ కట్టాడు. కాలు దిండు మీద ఎత్తి పెట్టమన్నాడు. చల్లటి కాపడం పెట్టమన్నాడు. రుద్దొద్దన్నాడు. కొన్ని వారాలు పరుగు మాటే వద్దన్నాడు. దాలినాయుడికి ఆ చివరి మాట ఒక్కటే వినిపించింది. అది కూడా నచ్చలేదు. పరుగు పరీక్ష వారాల్లో లేదు, రోజుల్లో ఉంది.

పరీక్ష ముందురోజు పొద్దున్నే ఊళ్లో సూదులు వేసే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. సూది పడితే నొప్పి తెలియదు, ఒక్కసారి పరిగెత్తేస్తే చాలు అన్నాడు. చచ్చిపోయిన మీయమ్మ కోరుకున్నది కూడా ఇదేనన్నాడు.

రవణమ్మ ఎన్నో కోరుకుంది. పొయ్యి ముందు గొణుక్కుంటుంటే విన్నదాన్ని నేను. ఈ కోరిక ఎన్నడూ వినలేదు. చచ్చినవాళ్లు కాదని చెప్పలేరు. అందుకే బతికున్నవాళ్లు వాళ్ల పేరు తెగ వాడుకుంటారు.

హేమసుందరి మంచం మీంచి కదల్లేదు.

"సూదేసుకుంటే ఉజ్జోగం వస్తాదేమో నానా. కాలు మళ్లీ రాదు."

"పిక్కబలం నేదని సెప్పు. సాకులు సెప్పకు."

"నేదు. సిరిగిపోనాది. రోడ్డెక్కించింది నువ్వు, కర్ర తిప్పింది నువ్వు. రేపు నానెల్లను."

సూదులాయన సంచి సర్దుకుని వెళ్లిపోయాడు. దాలినాయుడు చేతికందిన నన్ను తీసి పెరట్లోకి విసిరాడు. కట్టెల కుప్ప మీద పడ్డాను. మర్నాడు పార్వతీపురం బస్సు వచ్చింది, పోయింది. ఆమె ఎక్కలేదు. వచ్చేసారికి వయసు దాటిపోతుంది. ఆ ఉద్యోగం ఇక రాదు.

ఇప్పుడు నా ఇల్లు ఈ కట్టెల కుప్ప. నెలలయింది. హేమసుందరి పొద్దున్నే పెరటి గోడ పట్టుకుని మడమలు ఎత్తుతుంది, దించుతుంది. తర్వాత గట్టు మీద నడుస్తుంది. ఈమధ్య నాలుగడుగులు పరిగెడుతోంది. దేనికని అడిగేవాళ్లు అడుగుతున్నారు. ఆమె మర్నాడూ గట్టెక్కుతుంది.

నిన్న నీళ్లు కాచుకోవడానికి దాలినాయుడు కట్టెలు ఏరుకుంటుంటే నేను చేతికొచ్చాను. నన్ను పట్టుకుని లేచాడు. అప్పుడే గట్టు మీంచి వచ్చిన కూతురు అతనికి ఎదురుపడింది. చేతిలో నన్ను చూసింది. ఒక్క అడుగు వెనక్కి వేసింది.

అతను ఆ అడుగును చూశాడు. నన్ను మళ్లీ కుప్ప మీద పెట్టి, వేరే కట్టె తీసుకున్నాడు.

అతను మారాడని కొందరు అనుకోవచ్చు. నేను అనుకోను. కన్నకూతురు తనను చూసి వెనక్కి జరిగింది. అది తెలిసిందతనికి, అంతే. తెలిసే ఉండనీ.