అర అక్షరం

గురురాజారావు కడుపులో ముప్పై ఎనిమిదేళ్లుగా ఒక గుట్టు ఉంది. ఆయన భార్య సీతాలక్ష్మికి లయ నిలవదు. గొంతు బంగారమే, శ్రుతిలో వేలెత్తి చూపడానికి ఏమీ ఉండదు. కానీ చరణం ముగిసి పల్లవి అందుకునే చోట తాళం లెక్కలో అర అక్షరం వెనకబడుతుంది. ఈ సంగతి లోకంలో ఆయనొక్కడికే తెలుసు, ఎందుకంటే పక్కన కూర్చుని మృదంగం వాయించేది ఆయనే. చరణం చివర ఒకే వరసను ముమ్మారు వాయించి ముగిస్తారు, దాన్ని తీర్మానం అంటారు. ఆ తీర్మానాన్ని ఆయన కాస్త సాగదీసి, ఆమె వచ్చేదాకా ఆగి, ఇద్దరూ కలిసి దిగినట్టు చేసేవాడు. వినేవాళ్లకు అదొక సొగసులా ఉండేది. జమ్మలమడుగు మఠంలో ఏటా ఆరాధనకు వాళ్లు హరిదాసుల పదాలు పాడితే, దంపతులంటే ఇట్లుండాల అని పెద్దలు తలలూపేవారు.

ఎవరికీ చెప్పని మంచితనాన్ని అప్పుడప్పుడూ తలచుకోవడంలో కొంత సుఖం ఉంటుంది. గురురాజారావుకు కొంత కాదు, బాగానే ఉండేది.

పోయిన మాఘంలో ఆయన ఎడమ చేయి తిమ్మిరెక్కింది. తర్వాత వేళ్లు మాట వినడం మానేశాయి. మెడ నరం అన్నాడు డాక్టరు. ఈ ఏడు ఆరాధనకు సీతాలక్ష్మి పాటలు తొమ్మిది రికార్డు చేసి ఇమ్మని, మృదంగానికి కడప నుంచి ఒకాయన్ను పిలిపిస్తామని మఠంవాళ్లు కబురు పెట్టారు. గురురాజారావుకు ముందు తట్టింది తీర్మానం సంగతే. కొత్తవాడు ఆగుతాడా? మొదటి పాటకే "అమ్మా, తాళం" అంటాడు. అరవై దాటిన మనిషి, ఇంతమందిలో పాడి మెప్పించిన మనిషి, ఆ మాట విన్నాక మళ్లీ నోరు తెరవదు.

"పరాయి మనిషెందుకు? ఇప్పుడు అన్నీ కంప్యూటర్లోనే ఉండాయంట. నేను చూసుకుంటా" అనేశాడు.

కంప్యూటర్లో ఆయనకు తెలిసిందల్లా తాలూకాఫీసులో ఉత్తరాలు టైపు చేయడం. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఏ ప్రోగ్రామో తేలకముందే మైకు కొనుక్కొచ్చి, ప్రొద్దుటూరులో తానుండే ఇంటి నడిమి గది కిటికీలకు దుప్పట్లు కట్టేశాడు. ఆ తర్వాత పులివెందుల బస్సెక్కాడు.

పులివెందులలో హఫీజా అని ఒకామె ఉంది. చీరల అంగళ్లకూ, ఎన్నికలొస్తే పార్టీలకూ ఆటోల్లో తిప్పే ప్రచారాలు రికార్డు చేసిస్తుంది. ఏ పార్టీ వచ్చినా ఒకే డప్పు వేసి పంపుతుందని ఆమెకు పేరు.

"ఊరికే వచ్చే ప్రోగ్రాము ఒకటుండాది సార్" అంటూ ఆమె మీట నొక్కింది. గురురాజారావుకు పెళ్లి ఊరేగింపులో బ్యాండు మేళం కళ్లముందు కదిలింది. వద్దన్నాడు. రెండోదాంట్లో నిజంగా మృదంగమే ఉంది. ఎవరో మహానుభావుడు వాయించి పెట్టిన ముక్కలు, వాటిని వరసగా అతికించుకోవడమే. నాదం విని ఆయన కళ్లు మూసుకున్నాడు.

"ఇది నడుమ ఆగుతాదామ్మా?"

"యాడ ఆగుతాది సార్? గడియారం మాదిరి పోతాది. తాళం తప్పగూడదనే గదా ఎవురైనా కొనేది?"

"నాకు ఆగేది కావాల."

హఫీజా శానామంది గిరాకీలను చూసింది గానీ, తాళం తప్పే మిషను అడిగిన మనిషిని చూడలేదు. గురురాజారావు ఒకసారి తలుపు వైపు చూసి, గొంతు తగ్గించి, గుట్టంతా చెప్పేశాడు. చెప్పాక ప్రాణం తేలికపడింది. "మా ఆవిడకు మాత్రం తెలీగూడదు" అన్నాడు.

అప్పుడామె మూడోది తీసింది. అందులో ప్రతి దెబ్బా విడివిడిగా ఉంటుంది, ఏ దెబ్బ ఎక్కడ పడాలో మనమే పెట్టుకోవాలి. వేగం తెర మీద గీతలా కనిపిస్తుంది. గీతను కిందికి లాగితే అక్కడ మృదంగం నిదానిస్తుంది. పద్నాలుగు రోజులు వాడి చూసి, నచ్చితే కొనుక్కోవచ్చు.

పన్నెండు రోజులు గురురాజారావు కుడిచేత్తోనే ఆ పని చేశాడు. తొమ్మిది పాటలు, పాటకు మూడు చరణాలు. ఇరవై ఏడు చోట్ల గీతను కిందికి లాగాడు. సీతాలక్ష్మి కాఫీ తెస్తే ల్యాప్‌టాప్ మూసేసేవాడు.

పదమూడో రోజు పొద్దున, వీధిలో కూరగాయల బండ్లు పోయాక, ఆమె చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని మైకు ముందు కూర్చుంది. ఆయన ఇంకో జత పెట్టుకున్నాడు. మొదటి చరణం చక్కగా ముగిసింది. తీర్మానం దగ్గర మృదంగం, ఆయన చెప్పినట్టే, నిదానించింది. సీతాలక్ష్మి నిదానించలేదు. పల్లవి అందుకుని వెళ్లిపోయింది. మృదంగం బస్సు తప్పిన మనిషిలా వెనక పరిగెత్తుకుంటూ వచ్చింది.

కంగారుపడిందేమో అనుకుని ఆయన మళ్లీ పాడించాడు. ఈసారి కుడిచేత్తో తొడ మీద తాళం వేసుకుంటూ విన్నాడు. ఆమె సరిగ్గా దెబ్బ మీదే దిగింది, వెంట్రుకవాసి తేడా లేదు.

సీతాలక్ష్మి హెడ్‌ఫోన్లు తీసేసింది. "ఏమండీ, ఈ మిషను గూడా మీ మాదిరే ఆగుతాంది ఏంది?"

"నా మాదిరా?"

ఆమె కొంగు సర్దుకుంది. "చెప్పగూడదనుకుంటి. మీకు తీర్మానం నిలవదు గదా. పెండ్లయిన యాడాది జమ్మలమడుగులో మొదటిసారి వాయించినపుడే సాగిపాయ. నలుగుర్లో మీ పేరు పోతాదని నేను ఆడ ఆగినా. అప్పట్నుంచీ ఆగుతానే ఉండా. ఇది మిషను గదా, ఆగే పని ల్యాదులే అని పాడేస్తి."

ఆ రోజు గురురాజారావుకూ బాగా గుర్తుంది. ఆమె వెనకబడిందనే ఆయన సాగదీశాడు. ఆయన సాగదీశాడనే ఆమె వెనకబడిందట. ముందు ఎవరు ఆగారో తేల్చడానికి ఆనాడు విన్న పెద్దలెవరూ ఇప్పుడు లేరు. ఆయనకు కోపం వచ్చింది. ఇన్నేళ్లు దాచుకున్న మంచితనాన్ని ఎవరో చేతిలోంచి లాక్కున్నట్టు అనిపించింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లని వాదిద్దామనుకున్నాడు గానీ, తొడ మీద వేసిన తాళం ఇంకా చురుక్కుమంటూనే ఉంది.

"ఈ మాట ఎవురికైనా చెప్పినావా?"

"ఎట్ల చెప్తా? మీ పేరు గదా."

ఆయనకు పులివెందులలో ఆ గది, ఆ తలుపు, తగ్గించిన తన గొంతు గుర్తొచ్చాయి. సిగ్గుపడి ల్యాప్‌టాప్ వైపు తిరిగాడు.

"ఉండు, ఈ గీతలన్నీ సమం చేస్తా" అన్నాడు. "ఇంక ఆగాల్సిన పని ల్యాదు."

"వద్దు, ఉండనీండి. నేనే ఆగుతా. ఆడ ఆగకుంటే పక్కన మీరు ల్యానట్లే ఉంటాది."

మూడోసారి ఆమె ఆగింది. ఇద్దరూ కలిసి దిగారు. ఆయన ఆ పాటను నాలుగుసార్లు విన్నాడు.

మర్నాడు హఫీజాకు ఫోను చేసి మూడోదే కొంటానన్నాడు.

"నేను చెప్పల్యా సార్? అమ్మ తాళం తప్పినా ఎవురికీ తెలీదు దాంట్లో."

వంటింట్లో సీతాలక్ష్మి బియ్యం కడుగుతోంది. తలుపు తెరిచే ఉంది. గురురాజారావు ఈసారి గొంతు తగ్గించలేదు.

"తాళం తప్పేది ఆమె కాదు హఫీజమ్మా, నేను."