చార్జర్ పిన్నుకు గోళ్ల రంగు

బాలమ్మ రైల్వే వర్క్‌షాపులో ఇరవై ఎనిమిదేళ్లు మోటార్లకు వైండింగ్ చేసి రిటైరైన మనిషి. రాగి తీగకు వార్నిష్ పూస్తే కరెంటు పక్క తీగలోకి దూకదన్న సంగతి ఆమె వేళ్లకే తెలుసు. శుక్రవారం పొద్దున కోడలు వసుధ స్నానానికి వెళ్లగానే ఆ విద్యను ఇంట్లో వాడింది. స్విచ్ ఆపి, ల్యాప్‌టాప్ చార్జర్ పీకి, దాని గుండ్రటి పిన్ను చుట్టూ కోడలి నెయిల్ పాలిష్, రంగులేనిది, రెండు పూతలు వేసింది. ఫ్యాను కింద బాగా ఆరనిచ్చి, ఎక్కడి వస్తువును అక్కడ పెట్టి, చిక్కుడుకాయలు ముందేసుకుని కూర్చుంది.

ఆ మధ్యాహ్నం మూడింటికి చిలకలగూడలోని వాళ్ల కాలనీ హాల్లో ఆడవాళ్ల క్యారమ్స్ డబుల్స్ ఫైనల్. అవతలి జట్టు మేబెల్, ప్రిసిల్లా అనే అక్కాచెల్లెళ్లు. మూడేళ్లుగా కప్పు వాళ్లింటి షోకేసులోనే ఉంది. ఇవతల అత్తాకోడళ్లు. ఆదివారం హాల్లో ఎవరిదో పెళ్లి ఉండటంతో ఫైనల్ శుక్రవారానికి జరిగింది. వసుధ ఇంటి నుంచే ఒక ఇన్సూరెన్స్ కంపెనీకి పనిచేస్తుంది. సెలవు పెట్టమని బాలమ్మ మూడుసార్లు అడిగింది. మూడుసార్లూ వసుధ స్క్రీన్ మీంచి కళ్లెత్తకుండా, చూద్దాం అత్తమ్మా అంది.

పదకొండున్నరకు బ్యాటరీ ఆరు శాతానికి దిగింది. వసుధ స్విచ్ వేసి, ఆపి, మళ్లీ వేసింది. అదే సాకెట్‌లో ఫోను పెట్టి చూస్తే ఫోను చక్కగా చార్జ్ అయింది. చార్జర్‌ను వంటింట్లోకి తీసుకుపోయి ఫ్రిజ్ ప్లగ్ పీకి పెట్టింది. పవర్ బటన్ అరనిమిషం నొక్కి పట్టుకుంది. ఏం చేసినా లాభం లేకపోయింది. స్క్రీన్ ఆరిపోయింది. ల్యాప్‌టాప్‌కు సుత జెర ఆరాం కావాలె గదా అని బాలమ్మ అన్న మాటను వసుధ పట్టించుకోలేదు. ఆఫీసుకు ఫోన్ చేసింది.

ఒంటిగంటకు తిరుమలగిరి నుంచి స్కూటర్ మీద ఐజాక్ వచ్చాడు. కంపెనీ కంప్యూటర్లు బాగుచేసే మనిషి, నలభై దగ్గర పడ్డవాడు, నిదానస్తుడు. అతని సంచిలో ఉన్న చార్జర్ పిన్ను ఈ పాత ల్యాప్‌టాప్‌కు పట్టదని తెలిశాక బాలమ్మ ఊపిరి పీల్చుకుంది. కానీ అతను టార్చి వేసి రంధ్రంలోకి చూశాడు, చిన్న బ్రష్‌తో దుమ్ము దులిపాడు, తర్వాత మీటరు తీశాడు. మీటరు అబద్ధం చెప్పదని బాలమ్మకు తెలియనిదా.

అప్పటికి వసుధ లోపలి గదిలో మేనేజర్‌తో మాట్లాడుతోంది. పద్నాలుగు ఫైళ్లు ఆరింటిలోగా పంపాలని, ఎలాగైనా పంపుతానని చెబుతోంది. ఆ మాటలన్నీ బాలమ్మకు వినబడ్డాయి. పొద్దున పాలిష్ పూస్తున్నప్పుడు ఆ ఫైళ్ల ఊసే ఆమెకు తట్టలేదు.

ఐజాక్ మీటరు సూది ఆనిస్తే సున్నా వచ్చింది. గట్టిగా గుచ్చితే పందొమ్మిది వోల్టులు చూపించింది. పిన్నును గోటితో గీకాడు. సన్నటి పొర ఊడి వచ్చింది. వాసన చూసి, బాలమ్మ వైపు తిరిగాడు.

"అమ్మా, దీనికి మేకప్ ఎవరు చేసిన్రు?"

"నేనే బిడ్డ. మూడింటికి ఫైనల్ ఉంది. జెర చెప్పకు."

ఐజాక్ సంచిలోంచి గుడ్డ తీశాడు. "అబద్ధమైతే చెప్పను. పిన్ను మీద పొర పట్టిందంటా. బ్యాటరీ మొత్తం దిగింది, నిండేదాక ముట్టకుంటే మంచిదంటా. గా రెండూ నిజమే."

వసుధకు అదే చెప్పాడు. పిన్ను శుభ్రం చేశాడు, చార్జింగ్ లైటు వెలిగింది. నాలుగున్నర దాకా మూత తెరవద్దని చెప్పి వెళ్లిపోయాడు. ఎలాగూ ఖాళీయే కదా అని వసుధే చున్నీ వేసుకుని హాలుకు బయలుదేరింది.

బాలమ్మ అనుకున్నదంతా జరిగింది. అయినా మెట్లు దిగుతుంటే కోడలు మేనేజర్‌కు చెప్పిన పద్నాలుగు ఫైళ్లే గుర్తొచ్చాయి. మధ్య మెట్టు మీద ఆగి, పాలిష్ సంగతి మొత్తం చెప్పేసింది. వసుధ ముఖం ఎర్రబడింది. చరచరా ముందు నడిచింది.

ఆ కోపమంతా స్ట్రైకర్ మీద పడింది. మామూలుగా మెల్లగా, లెక్క చూసుకుని ఆడే వసుధ ఆ రోజు బోర్డు అదిరేలా కొట్టింది. రెడ్డు పడింది, దాని వెనకే తెల్లకాయ పడింది. మేబెల్ కళ్లజోడు సవరించుకుంది. ప్రిసిల్లా, ఈ పిల్లకు ఇవాళ ఏమైందని బాలమ్మను అడిగింది. బాలమ్మ తల దించుకుని తన వంతు ఆడింది. మూడో బోర్డు ముగిసేసరికి కప్పు అత్తాకోడళ్ల చేతికి వచ్చింది.

దారిలో వసుధే ముందు నోరు విప్పింది. "సెలవు కావాల్నంటే అడగాలె అత్తమ్మా."

"మూడుసార్లు అడిగిన. నువ్వు నా మొఖం సుత చూడలే."

వసుధ నడక కాస్త నెమ్మదించింది. కప్పును ఒక చేతి నుంచి మరో చేతికి మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో అత్త మోచేయి పట్టుకుని రోడ్డు దాటించింది.

ఫైళ్లు ఏడున్నరకు వెళ్లాయి, మేనేజర్ చేత నాలుగు మాటలు పడ్డాకే. ఆ రోజు నుంచి వసుధ స్నానానికి వెళ్తే చార్జర్‌ను బీరువాలో పెట్టి తాళం వేస్తోంది. బాలమ్మకు దాని మీద పట్టింపేమీ లేదు. గోడకున్న వైఫై డబ్బాను మాత్రం ఈమధ్య తీరిక దొరికినప్పుడల్లా శ్రద్ధగా తుడుస్తోంది.