ఖాళీగా ఉన్న అమ్మాయి

"నీకెలాగూ ఊళ్ళు తిరగడం ఇష్టమటగా, మా ఊరొచ్చి ఓ రెండు నెలలుండిపో" అంది పెద్దమ్మ ఫోన్లో. అప్పుడు నేను అన్నయ్య చొక్కా ఇస్త్రీ చేస్తున్నాను. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాలరు తిరగేసి నొక్కుతూ "ఎందుకు పెద్దమ్మా?" అన్నాను. ఎందుకో నాకు తెలుసు. బుధవారం ఆమెకు మోకాలి ఆపరేషను. పెదనాన్నకు పొయ్యి వెలిగించడం కూడా రాదు.

ఉద్యోగం మానేసి వారం తిరక్కుండానే ఇది నాలుగో పిలుపు. ముందు పిన్ని చేసింది. ఇల్లు మారుతున్నారట, సామాన్లు సర్దడానికి ఓ చెయ్యి కావాలట. తర్వాత మేనత్త. మామయ్యకు కంటి ఆపరేషను, గంటగంటకూ చుక్కల మందు వేసే మనిషి కావాలి. ఆ తర్వాత దూరపు వదిన ఒకావిడ, ఆమెకు కవలలు. నేను ఇంట్లో చెప్పింది వేరు. ఏడాదిపాటు ఉద్యోగం చెయ్యను, వరదలొచ్చి పోయిన ఊళ్ళలో పిల్లల బడులు బాగుచేసే బృందంతో తిరుగుతాను, తిండీ పడకా వాళ్ళే చూస్తారు, జీతం ఉండదు, నెలకో ఊరు, సోమవారం వ్యాను బయలుదేరుతుంది అని అరటిపండు వలిచినట్టు చెప్పాను. మా చుట్టాలందరి చెవుల్లోకీ వెళ్ళింది మాత్రం ఒక్కటే మాట. అమ్మాయి ఖాళీగా ఉంది. "సేవంటే ఇష్టమటగా, ఆ చేసేదేదో మనవాళ్ళకు చెయ్యి" అన్నారు నలుగురూ, కూడబలుక్కున్నట్టు. ఒళ్ళు మండిపోయింది.

ఆఫీసులోనూ ఇంతే. రాజీనామా కాగితం ఇస్తే మా మేనేజరు చూడకుండానే "పెళ్ళా?" అన్నాడు. కాదన్నాను. "మరి ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాలేదా?" ఆడది ఉద్యోగం మానడానికి ఆయన దగ్గర రెండే కారణాలున్నాయి. ఆ బీమా ఆఫీసు సెక్షనులో పన్నెండు మందిలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. ఏడాదిన్నరపాటు క్లెయిము ఫైళ్ళు చూడటంతో పాటు మీటింగుల్లో టీ కప్పులు అందించాను, పుట్టినరోజులకు కేకులు కోశాను, వచ్చిన పెద్దమనుషులకు పూలగుత్తులిచ్చాను. "ఆడపిల్ల చేతిమీదుగా అయితే కళగా ఉంటుందమ్మా" అనేవాడాయన. ఇంట్లో చేసేదే అక్కడా చేశాను, కాకపోతే మెడలో కార్డు వేసుకుని.

నాకు లోకాన్ని ఉద్ధరిద్దామని ఏమీ లేదు. కాలేజీ చివరి ఏడాది పదిరోజులు ఆ బృందంతో వెళ్ళాను. ఒక బడి, గదుల నిండా మోకాలిలోతు బురద. అది ఎండితే గడ్డపారకు కూడా లొంగదు, తడిగా ఉండగానే ఎత్తిపొయ్యాలి. బృందాన్ని నడిపేది యాభై ఏళ్ళు దాటిన తాపీ మేస్త్రీ, అందరం మేస్త్రీ అక్క అనేవాళ్ళం. "గోడతో పోట్లాడకు, మణికట్టు వదులు చెయ్యి" అంటూ గోడకు సిమెంటు పట్టించడం నేర్పింది. రోజూ పొద్దున్నే బోర్డు మీద ఆమే పేర్లు రాసేది, వంటకు ఇద్దరు, గిన్నెలకు ఇద్దరు. మూడో రోజు గిన్నెల దగ్గర ఒక రిటైరైన హెడ్మాస్టరు కూర్చుని తోముతున్నాడు. నేను అలవాటుకొద్దీ వెళ్ళి ఆయన చేతిలోని పీచు లాక్కోబోయాను. "ఆయన చేతులకేం? బాగానే ఉన్నాయి. నువ్వెళ్ళి కూర్చోవే" అని అక్కడినుంచే కేకేసింది మేస్త్రీ అక్క. వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. నా ఇరవై ఒక్క ఏళ్ళ బతుకులో మొదటిసారి, ఒక మగవాడు గిన్నెలు తోముతుంటే నేను ఊరికే కూర్చున్నాను. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఇంత చిన్న విషయానికి నాకు ఏడుపు వచ్చేలా పెంచినవాళ్ళ మీద ఆ సాయంత్రమంతా కోపమొచ్చింది. ఇప్పటికీ ఆ కోపం తగ్గలేదు, తగ్గాలని నాకు లేదు కూడా.

ఆదివారం మధ్యాహ్నం భోజనాల దగ్గర నాన్న తేల్చేశాడు. "రేపు పొద్దున బస్సుకు టికెట్ తీశాను. మీ పెదనాన్నకు మాటిచ్చేశాను."

"రేపు నేను వ్యాన్లో వెళ్తున్నాను నాన్నా. వారం ముందే చెప్పాను."

"పరాయి ఊళ్ళో బురదెత్తుతావు గానీ సొంత పెద్దమ్మకు గ్లాసుడు మంచినీళ్ళివ్వలేవా? జీతం లేని చాకిరీ ఎవరైనా కోరి చేస్తారా అసలు?" అంటూ నాన్న ఖాళీ గ్లాసు అమ్మ వైపు చాచాడు. అమ్మ సగం కంచం మీదనుంచి లేచి నీళ్ళు పోసింది. తను అన్న మాటకూ తను చేసిన పనికీ మధ్య ఆయనకు ఏ సంబంధమూ కనిపించలేదు. ముప్ఫై ఏళ్ళుగా కనిపించలేదు.

అమ్మ నా పక్కన కూర్చుని గొంతు తగ్గించింది. "వెళ్ళి రావే. మా అక్క పురుడికి నేను వెళ్ళలేదా? ఆ ఏడు పరీక్షలు కూడా మానేశాను." అదేదో పతకం చూపించినట్టు చెప్పింది. అమ్మ డిగ్రీ ఎందుకు ఆగిపోయిందో నాకు అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. చదువు అబ్బలేదనే అనేవారు.

"అన్నయ్య కూడా ఇంట్లోనే ఉన్నాడుగా, వాణ్ణి పంపండి" అన్నాను.

నేనేదో బూతు మాట అన్నట్టు ముగ్గురూ నావైపు చూశారు. అన్నయ్యకు ఇరవయ్యేడు. మూడేళ్ళుగా ఏదో పోటీ పరీక్షకు చదువుతున్నాడు. వాడికి ఇంతవరకు ఒక్క చుట్టమూ ఫోన్ చెయ్యలేదు. వాడు ఖాళీగా లేడు, తయారవుతున్నాడు.

"వాడు చదువుకుంటున్నాడే" అంది అమ్మ.

"మగపిల్లాడు వెళ్ళి ఏం చేస్తాడు?" అన్నాడు నాన్న.

"అవన్నీ నాకేం తెలుసే?" అన్నాడు అన్నయ్య, నిజంగానే అమాయకంగా.

"నాకు పుట్టుకతో తెలిశాయా? అమ్మకు టైఫాయిడ్ వచ్చినప్పుడు నాకు పదకొండేళ్ళు. పొయ్యి అందక స్టూలెక్కి వండాను. నీకప్పుడు పదిహేను. నీకు స్టూలు కూడా అక్కర్లేదు."

ఎడమచేత్తో ఫోను తీసి పెద్దమ్మకు చేశాను, అందరికీ వినపడేలా స్పీకరు పెట్టి. "పెద్దమ్మా, నేను రావడం లేదు. రేపు అన్నయ్య వస్తున్నాడు. వాడికి పనులు రావు. ఒకసారి చూపించు, నేర్చుకుంటాడు. నిన్ను మంచం మీంచి లేపి నడిపించే బలం నాకంటే వాడికే ఎక్కువ."

"ఏయ్, ఫోన్ పెట్టేయ్" అని లేచాడు నాన్న. నేను పెట్టలేదు. పెద్దమ్మ తిడుతుందేమో, ఏడుస్తుందేమో అనుకున్నాను. తిట్టినా పడదామనుకున్నాను, ఆమె మీద నాకేం కోపం లేదు.

"వాడొస్తే వాడికి వండిపెట్టేదెవరే?" అంది పెద్దమ్మ, దిగులుగా. "కోసిన మోకాలేసుకుని నేను మీ పెదనాన్నకే చెయ్యలేను, ఇంకా వాడికి కూడానా?"

బల్ల దగ్గర ఎవరూ నవ్వలేదు. ఆమె హాస్యమాడటం లేదని అందరికీ తెలుసు. అమ్మ మాత్రం నోటి దగ్గరికి తీసుకెళ్ళిన ముద్దను మళ్ళీ కంచంలో పెట్టేసి, అన్నయ్య వైపు చాలాసేపు చూసింది.

"అది వాణ్ణే అడుగు పెద్దమ్మా" అని ఫోను అన్నయ్య కంచం పక్కన పెట్టి లేచాను. నా కంచం ఒక్కటే తీసుకెళ్ళి కడుక్కుని, బట్టలు సర్దుకోవడానికి గదిలోకి వెళ్ళాను.