గిట్టలు లేని జంతువు

1996 మే రెండో వారంలో, రాజధాని లా పాజ్‌లో జాతీయ పశు ఆరోగ్య నిబంధనల మీద సమావేశం జరిగింది. ముసాయిదాలోంచి ఒక మాట కొట్టేశారు. ఆ మాట ‘లామా’, మా కొండల్లో బరువులు మోసే, ఒంటెకు దాయాది అయిన జంతువు. కొట్టేయించింది లామాల పెంపకందారుల తరఫున వెళ్ళిన హసింతా కోపా.

హసింతాది ఉయుని ఉప్పు మైదానం అంచున ఉన్న ఊరు. నాదీ అదే. అప్పట్లో నేను ఉయుని రేడియోలో పనిచేసేవాణ్ణి. టేప్ రికార్డరు పట్టుకుని ఆమెతో వెళ్ళాను.

లోయల్లో ఆవులకు గాలికుంటు వచ్చింది. ‘గిట్టలు చీలిన పశువులు’ రక్తపరీక్ష లేకుండా చెక్‌పోస్టు దాటకూడదని ముసాయిదాలో ఉంది. ఆ కింద ఆవు, గొర్రె, మేక, పంది, లామా. పరీక్ష చేసేది నగరంలో. ఫలితం వచ్చేసరికి, లోయలో మా ఉప్పుకు మారకంగా ఇచ్చే మొక్కజొన్న లారీల్లో ఉప్పు తెచ్చేవాళ్ళ పాలవుతుంది.

హసింతా వాళ్ళ అన్న సెనోబియో ప్రతి చలికాలం లామాల మీద ఉప్పు దిమ్మలు వేసుకుని లోయకు నడిచి వెళ్ళి, మొక్కజొన్నతో తిరిగొచ్చేవాడు. ముసాయిదా ఖాయం కాకముందే, కిందటేడు చెక్‌పోస్టు అతన్ని వెనక్కి పంపింది. ఉప్పు రోడ్డు పక్కన దించేసి వచ్చాడు. ఆ ఏడు వాళ్ళింట్లో పండక్కి మొక్కజొన్న కల్లు కాయలేదు. మళ్ళీ ఆపితే లామాలను కసాయికి అమ్మేసి గనిలో చేరతానని చెల్లెలితో చెప్పాడు.

సమావేశం నడిపింది డాక్టర్ అరన్సిబియా. నాలుగైదు ప్రభుత్వాలు మారినా ఆ కుర్చీలో ఆయనే ఉన్నాడు.

“లామాకు గిట్టలెక్కడున్నాయి డాక్టరు గారూ?” అంది హసింతా.

“గిట్టలు కాకపోతే ఏమున్నాయమ్మా, బూట్లా?”

గదిలో నవ్వారు. పల్లపు ప్రాంతం నుంచి వచ్చిన ఆవుల ఆసామి అందరికంటే ఎక్కువసేపు నవ్వాడు.

“రెండు వేళ్ళు. వేళ్ళకు గోళ్ళు. కింద మెత్త. దాని కాలికీ మీ కాలికీ మా భాషలో ఒకటే మాట, చాకి. గిట్టని మా ఊళ్ళో స్పానిష్‌లోనే అంటాం. అది ఆవుతో పాటు ఓడ దిగిన మాట.”

“అయితే ఈవిడ లెక్కన లామా కోడి జాతి,” అన్నాడు ఆసామి.

“కోడినైతే చెక్‌పోస్టులో ఎవరూ ఆపరు కదయ్యా. మంచిదే, కోడనే రాయించండి.”

ఈసారి అరన్సిబియా కూడా నవ్వాడు. తర్వాత కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

“తీసేస్తాను తల్లీ, నాకేం పోయింది? కానీ ఈ నిబంధనల్లో అన్నీ ఈ ‘గిట్టలు చీలిన పశువులు’ అన్న ఒక్క మాట మీదే నడుస్తాయి. ఇక్కడ లేనిది ఇంకెక్కడా ఉండదు. బాగా ఆలోచించుకో.”

“మా అన్న ఉప్పు మూటలు కట్టేసుకుని కూచున్నాడు. తీసేయండి.”

తీసేశారు.

జూన్‌లో సెనోబియో బయల్దేరాడు. ఆ నడకలో నేనూ ఉన్నాను. తెల్లవారగానే మూటలెత్తి, మధ్యాహ్నం దాటాక దించేసేవాళ్ళం. లామా రాత్రి మేయదు, పగలే దానికి మేతా నడకా కుదరాలి. మూట బరువైతే కూలబడుతుంది. బరువు తగ్గించేదాకా లేవదు. సెనోబియో దాన్ని కొట్టేవాడు కాదు. పక్కన కూచుని కోకా ఆకు నములుతూ, “ఏవమ్మా రాణీగారూ, పల్లకీ తెప్పించమంటారా?” అనేవాడు. బరువు మోసేవన్నీ మగవే. అయినా కూలబడిన దాన్ని రాణీ అనేవాడు.

చెక్‌పోస్టులో కాపలావాడు కొత్త కాగితం తిరగేసి చూశాడు. లామా ఎక్కడా లేదు. రోడ్డుకు అడ్డంగా కట్టిన గొలుసు దించాడు. సెనోబియో సారా సీసా తీసి, భూమితల్లికి మొక్కుగా నేల మీద కొంచెం, గొలుసు మీద కొంచెం పోశాడు.

లోయలో ఆడవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చి, “ఉప్పన్న వచ్చాడే!” అని కేకేసుకున్నారు. ఒకావిడ దిమ్మ మీద వేలు రాసి నాలికకు అద్దుకుంది.

“కిందటేడు రాలేదేం? చచ్చిపోయావనుకుని దీపం కూడా పెట్టాను.”

“పెట్టిన దీపం వృథా కాదులే వదినా. ఎప్పటికైనా నాకే.”

“లారీ ఉప్పు వట్టి ఉప్పగా ఉంటుంది. నీ ఉప్పుకు రుచుంది.”

“అది లామా చెమట వదినా.”

ఆమె ఉప్పు దిమ్మతోనే అతన్ని కొట్టబోయింది. ఆ రోజు టేపు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఎక్కువగా వినిపించేది నవ్వులు, కాగుల్లో మొక్కజొన్న పోస్తున్న చప్పుడు.

మరుసటి ఏడు కూడా వెళ్ళాడు. 1998 చలికాలంలో ఊళ్ళో లామాలకు గజ్జి పట్టింది. తొడల దగ్గర మొదలై కాళ్ళకు దిగింది. చర్మం పగిలి, లామాలు రాళ్ళకు రుద్దుకునేవి. జనం లారీల్లోంచి తీసిన పాత ఇంజనాయిలు పూశారు. కొవ్వులో గంధకం కలిపి పూశారు. ప్రభుత్వం గజ్జికి సూదిమందు ఉచితంగా పంచుతోందని తెలిసి, అన్నాచెల్లెళ్ళు ఉయుని పశువుల ఆస్పత్రికి వెళ్ళారు. మందు బీరువాలోనే ఉంది. అది నిబంధనల్లో ఉన్న పశువులకేనని, లామా వాటిలో లేదని చెప్పారు.

బయటకొచ్చాక సెనోబియో గోడకు ఆనుకుని కూచున్నాడు.

“గిట్టలు పీకింది నువ్వే కదా చెల్లీ. ఇప్పుడు దేంతో నడవమంటావు వాటిని?”

“ఆ రోజు సారా పోసింది నువ్వే కదరా అన్నా.”

“పోశాను. గొలుసు మీద పోసిందాంట్లో కొంచెం దాచుకున్నా ఇవాళ పనికొచ్చేది.”

హసింతా మళ్ళీ లా పాజ్ వెళ్ళింది. అరన్సిబియా ఆమెను గుర్తుపట్టాడు.

“ఏం తల్లీ, గిట్టలు మొలిచాయా?”

“మొలవలేదు డాక్టరు గారూ. దురద మొలిచింది.”

“పాత చోట తిరిగి చేర్చమంటావా? మందు వస్తుంది. మందుతో పాటు రక్తపరీక్షా వస్తుంది.”

“ఆవు తోక పట్టుకుని రావడం మాకొద్దు. మాకు వేరే అధ్యాయం రాయండి.”

“ఒక్క జంతువుకు ఒక అధ్యాయమా? రేపు కుందేళ్ళవాళ్ళు కూడా వచ్చి కూచుంటారు.”

“కూచోనివ్వండి. కుర్చీలు నేనే సర్దుతాను.”

అది తేలిగ్గా తెగలేదు. ఆవుల ఆసాములు అడ్డుపడ్డారు. ఒక మంత్రి మారాడు. హసింతా వెళ్ళిన ప్రతిసారీ అరన్సిబియా టేబుల్ మీద ఎండబెట్టిన లామా మాంసం పొట్లం పెట్టేది. ఆయన తీసుకునేవాడు, అధ్యాయం మాత్రం ఇచ్చేవాడు కాదు. ఒకసారి, “నీ మాంసం తిని నా పళ్ళు అరిగిపోయాయి,” అన్నాడు. “మీ మెట్లెక్కి నా చాకి అరిగింది,” అంది హసింతా.

2000 మార్చిలో, లామాకూ దాని జాతిదే అయిన అల్పాకాకూ కలిపి ‘లామా, అల్పాకా’ అన్న పేరుతో అధ్యాయం వచ్చింది. గజ్జి మందు ఉచితం. మందు వేయించుకున్న బరువు లామాలు రక్తపరీక్ష లేకుండా చెక్‌పోస్టు దాటవచ్చు. మందు వేసినట్టు చీటీ ఊళ్ళోనే ఇస్తారు, నగరానికి వెళ్ళక్కర్లేదు. ఈ చివరి వాక్యం హసింతా పట్టుబట్టి రాయించింది.

మందు మేలో ఊరికి చేరింది. అప్పటికి సెనోబియో బరువు లామాల్లో సగానికి పైగా పోయాయి. మిగిలినవాటికి హసింతా దగ్గరుండి సూది వేయించింది. ఆమె మెడ పట్టుకుంటే అతను తొడ పట్టుకున్నాడు.

ఆ జూన్‌లో అతను లోయకు వెళ్ళాడు. మరుసటి ఏడూ వెళ్ళాడు. 2002లో, మిగిలిన కొద్ది లామాలతో నడక గిట్టుబాటు కాక, ఉప్పు లారీలో వేసి, డ్రైవరు పక్కన కూచుని వెళ్ళాడు. లామాలను అమ్మలేదు, గనిలో చేరలేదు.

అధ్యాయం అమల్లో ఉంది. గజ్జి మందు ఏటా వస్తోంది. చెక్‌పోస్టు కాపలావాడు ఈమధ్య నాకు ఫోన్లో చెప్పినదాని ప్రకారం, 2001 జూన్‌లో సెనోబియో కోపా దాటాక ఆ గొలుసు దగ్గరికి ఉప్పు మోసుకుంటూ లామాలేవీ రాలేదు.