మూడో పేపరు

"బండి ఇన్సూరెన్సు కాగితం ఎక్కడ పెట్టావ్?" అని మా ఆయన స్నానాలగదిలోంచి అరిచేసరికి నేను పాప స్కూలు బూట్లు తుడుస్తున్నాను.

"బీరువాలో రెండో అర, పచ్చ ఫైలు" అన్నాను చెయ్యి ఆపకుండా.

మా ఇంట్లో ఇలాంటి ప్రశ్నలన్నీ నన్నే వెతుక్కుంటూ వస్తాయి. అత్తగారి బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయి, ఆడపడుచు పెళ్లిరోజు ఎప్పుడు, నీళ్ల ట్యాంకు కడిగి ఎన్నాళ్లయింది? "నీ బుర్ర భలేదోయ్" అనేవాడు మా ఆయన. మొదట్లో ఆ మాటకు పొంగిపోయేదాన్ని. ఇంట్లో ఒకళ్లు గుర్తుపెట్టుకుంటే మిగతావాళ్లంతా హాయిగా మర్చిపోవచ్చని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లే పట్టింది.

విచిత్రం ఏమిటంటే నా ఉద్యోగమూ అదే. ఒక టీవీ సీరియల్‌కి కంటిన్యుటీ చూసేదాన్ని. హీరోయిన్ చేతికి ఒక సీన్‌లో కట్టు ఉంటే తరవాతి సీన్‌లో అదే చేతికి ఉండాలి. ఎవరు ఎవరితో ఎప్పుడు ఏమన్నారో రాసిపెట్టుకోవాలి. ఆరు సీజన్లకు పదకొండు నోటుపుస్తకాలు నింపాను. కథ రాసే గదిలో మాత్రం నలుగురు మగవాళ్లు గుండ్రబల్ల చుట్టూ కూర్చునేవారు. వాళ్లకు పెద్ద, అందరూ గురువుగారు అనే రచయిత. నా కుర్చీ తలుపు పక్కన. టీ చెప్పడమూ నా పనే కాబట్టి. ఒకసారి నేనేదో సలహా చెప్పబోతే ఆయన నవ్వి, "అమ్మా, నువ్వు రాసేదానివి కాదు, రాసుకునేదానివి" అన్నాడు. మిగతా ముగ్గురూ పడీపడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే చిర్రెత్తుకొస్తుంది.

ఆరో సీజనే ఆఖరిదని ఛానెల్ వాళ్లు చెప్పేశారు. ముగింపు వినడానికి నిర్మాత మేడమ్ వచ్చింది. గురువుగారు లేచి నిలబడి మరీ చెప్పాడు. హీరోయిన్ మరిది పెళ్లి. మండపంలో మంటలు. భర్తను కాపాడి, అతని తప్పులన్నీ క్షమించి, అతని ఒళ్లోనే ప్రాణం వదులుతుంది.

"జనం గుండెలు బాదుకోవాలి మేడమ్!"

ఆవిడ పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉండిపోయింది. "బాగానే ఉంది గురువుగారూ. కానీ ఏదో వెలితిగా ఉంది. ఏమిటో తెలియట్లేదు."

నాకు తెలుసు. ఎన్నాళ్లనుంచో తెలుసు. మళ్లీ నవ్వుతారనీ తెలుసు. అయినా అన్నాను.

"ఆ అమ్మాయి మూడో పేపరు రాయలేదండీ."

అందరూ తలుపువైపు తిరిగారు.

"ఏ పేపరు?"

"మొదటి సీజన్, మొదటి ఎపిసోడ్. ఆ అమ్మాయి లా చివరి పరీక్షలు రాస్తుంటుంది. రెండు పేపర్లు అయిపోతాయి. మూడోరోజు పరీక్ష హాలు గేటు దగ్గర ఉండగా భర్త ఫోన్ చేస్తాడు, మా నాన్న జారిపడ్డాడు, వెంటనే రమ్మని. 'వచ్చే ఏడాది రాసుకుందువుగానిలే' అంటాడు. ఆ వచ్చే ఏడాది ఇప్పటిదాకా రాలేదు."

గురువుగారు చెయ్యి విదిలించాడు. "మధ్యలో కిడ్నాపులయ్యాయి, ఇద్దరు చచ్చి బతికొచ్చారు. పరీక్ష ఎవడికి గుర్తుంటుందమ్మా?"

"చూసేవాళ్లకి. వాళ్ల ఉత్తరాలకు జవాబు రాసేది నేనే కదండీ. ఒకావిడ ప్రతి సీజన్‌కీ ఒకే ముక్క రాస్తుంది: 'ఆ పిల్ల పరీక్ష ఏమైంది?' ఆవిడ ఒక్కతే కాదు, వందలమంది." నేను ఆగలేదు. "ఆఖరి సీజన్లో కొత్తగా ఏం పేల్చామని కాదండీ చూసేది. ఆరేళ్లు మనతో కూర్చున్నారు. మనం చెప్పిన కథ మనకైనా గుర్తుందా అని చూస్తారు. ఆ అమ్మాయిని చంపితే ఏడుస్తారు, నిజమే. ఏడ్చి, మోసపోయామనుకుని టీవీ కట్టేస్తారు."

మేడమ్ పెన్ను మూత పెట్టేసింది. "ఆఖరి మూడు ఎపిసోడ్లు నువ్వు రాసుకురా. పదిరోజులు టైము."

ఇంట్లో చెబితే మా ఆయన మొదట అడిగింది ఒకటే: "పదిరోజులా? మరి ఇల్లు?" తరవాత కాస్త మెత్తగా, నా మంచి కోరేవాడిలా అన్నాడు: "గుర్తుపెట్టుకోవడం వేరు, రాయడం వేరు. నవ్వులపాలవుతావేమో చూసుకో."

ఆఫీసులో ఖాళీగా ఉన్న మేకప్ గదిలో కూర్చుని రాయడం మొదలుపెట్టాను. నాలుగురోజులు ఆ పరీక్ష హాలు గేటు దగ్గరే ఆగిపోయాను. ముప్ఫై నాలుగేళ్ల ఆ అమ్మాయి హాల్‌టికెట్టు పట్టుకుని నిలబడింది. మళ్లీ భర్త ఫోన్ మోగింది. ఏం చెప్పాలి? అరిస్తే అది తను కాదు. ఏడిస్తే ఆరేళ్లూ అదే చేసింది. నేను ఆ అమ్మాయి ఏ సీన్‌లో ఏ రంగు చీర కట్టిందో చెప్పగలను, ఏం కోరుకుంటోందో మాత్రం చెప్పలేకపోయాను. ఆమాటకొస్తే నేనేం కోరుకున్నానో వెతికి చూసుకున్నాను. లోపలంతా మాత్రల పేర్లు, పుట్టినరోజులు, ఫైళ్ల రంగులు. వాటి మధ్య నాదనేది ఒక్కటీ చేతికి తగల్లేదు. భయమేసింది. ఆ భయంలో ఉండగానే మా ఆయన ఫోన్ చేశాడు.

"అమ్మ మాత్రలు అయిపోయాయట. ఏం మాత్రలు అవి?"

రెండు పేర్లూ నాలుక చివర ఉన్నాయి. పళ్లు బిగించాను.

"గుర్తులేదండీ."

"గుర్తులేకపోవడం ఏంటి? ఇప్పుడెలా మరి?"

"మీరున్నారు కదా" అని ఫోన్ పెట్టేశాను.

అరగంటదాకా ఏదో ఉపద్రవం వస్తుందని ఎదురుచూశాను. ఏమీ రాలేదు. ఆయన బీరువా వెతికి, మందుల చీటీ పట్టుకుని, దుకాణానికి వెళ్లి మాత్రలు తెచ్చాడని సాయంత్రం తెలిసింది. ఈలోగా నేను కాగితం మీద ఆ అమ్మాయి చేత అదే మాట అనిపించాను. "మీరున్నారు కదా." ఆ అమ్మాయి ఫోన్ కట్టేసి లోపలికి నడిచింది. ఆ తరవాత నా చెయ్యి ఆగలేదు.

పదోరోజు మేడమ్ కథ గదిలో నిలబడే మొత్తం చదివింది. కళ్లు తుడుచుకుని, "ఇదే తీస్తున్నాం" అంది. గురువుగారు కాగితాలు ఇటూ అటూ తిప్పాడు. "పనికొస్తుంది. రచన అని నా పేరే వేద్దాం. ఆరేళ్లుగా జనానికి అలవాటైన పేరు కదా. నీ పేరు చివర్లో కృతజ్ఞతల కార్డులో వేస్తాంలే."

"ఒద్దండీ" అన్నాను. నాకే ఆశ్చర్యమనిపించేంత నెమ్మదిగా. "ఈ మూడింటికీ రచన నాది. నా పేరు పడకపోతే ఈ కాగితాలు నాతోనే ఇంటికి వచ్చేస్తాయి. మీ మంటలు మీరు తీసుకోండి."

గురువుగారు మేడమ్ వంక చూశాడు. మేడమ్ నావంక చూసి, "నీ పేరు స్పెల్లింగ్ తప్పు పోకుండా రాసివ్వు" అంది.

ఆఖరి ఎపిసోడ్ సాయంత్రం ఏడున్నరకి వచ్చింది. హాల్లో అత్తగారు, నేను, నా ఒళ్లో పాప. తెరమీద ఆ అమ్మాయి భర్తకు జవాబు చెప్పి బల్ల ముందు కూర్చుంది. చుట్టూ ఆమెకన్నా పదేళ్లు చిన్న పిల్లలు. నాలుగు నిమిషాలపాటు మాటల్లేవు, సంగీతం లేదు, కాగితం మీద పెన్ను చప్పుడు తప్ప. ఆ సీన్ రాసేటప్పుడు నాకే అనుమానం, ఎవరైనా చూస్తారా అని. సరిగ్గా అప్పుడే మా ఆయన గదిలోంచి వచ్చి, "అమ్మా, భోజనాలు..." అన్నాడు.

"ఉండరా!" అని కసిరింది మా అత్తగారు, తెరమీంచి చూపు తిప్పకుండా. "పిల్ల పరీక్ష రాస్తోంది."

ఆయన గోడకు ఆనుకున్నాడు. ఆ అమ్మాయి అడిషనల్ పేపరు అడిగింది. అత్తగారు పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గంట మోగాక, పేపరు ఇచ్చేసి ఆ అమ్మాయి ఎండలోకి నడిచింది. తన వెనక ఎవరూ లేరు, ముందర కూడా ఎవరూ ఎదురుచూడటం లేదు. ఆ నడకతో కథ అయిపోయింది.

నల్లటి తెరమీద అక్షరాలు వచ్చాయి. అత్తగారు కళ్లజోడు సర్దుకుని ముందుకు వంగింది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ నా పేరు పైకి చదివింది, ఇంటిపేరు కూడా వదలకుండా. పెళ్లయిన ఈ పదమూడేళ్లలో ఆవిడ నోట నా పేరు వినడం అదే మొదటిసారి.