మాస్టారు పెట్టిన జట్టు

శివనాగరాజు షట్టరు సగమే ఎత్తి, లోపలికి దూరి, మళ్ళీ దించేశాడు. బట్టతల మీద చెమట తుడుచుకుని, మూలనున్న కంప్యూటర్లో తను రాసిన ప్రోగ్రాం తెరిచి టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. క్రికెట్ ఆటలో విదేశీయుల పేర్లు తీసేసి మురమళ్ళ, ఆలమూరు ఊళ్ళ కుర్రాళ్ళ పేర్లు పెడుతున్నాడు. ఒక్కొక్కరికి ఇంత బలం, ఇంత వేగం. ఆలమూరు జట్టుకి ఓపెనర్ శివనాగరాజే. జన్మలో బ్యాటు పట్టని మనిషి, సిగ్గులేకుండా అందరికంటే ఎక్కువ బలం తనకే వేసుకున్నాడు.

గడియారస్తంభం వెనక ఉన్న ఆ గేమ్ సెంటర్‌కి కుర్రాళ్ళు ఎగబడేది ఈ పేర్ల కోసమే. ఆ దెబ్బతో అతను మాస్టారైపోయాడు. మాస్టారికి తెలియనిదల్లా మార్చినవాటిని సేవ్ చేసి దాచడం. కంప్యూటరు కట్టేస్తే పేర్లన్నీ పోయేవి. అందుకే ఏడాదిగా రోజూ ముందే వచ్చి మొత్తం మళ్ళీ కొట్టేవాడు. మధ్యలో కరెంటు పోతే వైరస్సని చెప్పి కుర్రాళ్ళని బయటికి తరిమేవాడు. ఎవరినైనా అడగొచ్చు. అడిగితే పెద్దరికం ఏం కాను?

మధ్యాహ్నం యజమాని కృష్ణమూర్తి వచ్చాడు.

"మేస్టారూ, రావులపాలెంలో ఇంకో సెంటర్ తెరుస్తున్నామండి. రేపు ఈ ఆటని సీడీలో వేసి ఇచ్చెయ్యండి."

"ఆయ్, అలాగేనండి," అన్నాడు శివనాగరాజు. సీడీలోకి పాత పేర్లే వెళ్తాయి. గుట్టు రట్టయిపోతుంది.

ప్రింట్ల కోసం వచ్చిన డిగ్రీ అమ్మాయి కరుణ అతని వెనక నిలబడి తెరలోకి చూసింది.

"మీ కోడ్ మెమరీలోనే మారుస్తోందండి. మార్చినవి ఫైల్లోకి రాయించాలండి. ఒక్క లైను చాలు, చెప్పమంటారా?"

అడక్కుండానే దొరికిన సాయం. మనవాడు వెటకారంగా నవ్వాడు.

"మాకు తెలీదేంటమ్మా? నువ్వు పుట్టకముందే కంప్యూటర్లు చూసేం."

అదీ అబద్ధమే. సాయంత్రం దాకా ఆ లైను ఏమై ఉంటుందా అని తన్నుకుని, ఇంటికి పోయి, నాలుగు ముద్దలు తిని పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. గుండె అన్నారు.

అంత్యక్రియలయ్యాక సెంటర్ తెరిచారు. ఆటలో అందరూ విదేశీయులే. కుర్రాళ్ళు గోల చేసి పక్క సందులోని ఇంకో గేమ్ కొట్టుకి పోయారు. కృష్ణమూర్తి కబురు పెడితే కరుణ వచ్చి ఫైలు తెరిచి చూసింది.

"ఆట ఎక్కించిన రోజు ఎలా ఉందో అలాగే ఉందండి. ఇందులో ఆయన చేసిందేమీ లేదండి."

"మరి ఏడాదిపాటు రోజూ షట్టరేసుకుని ఏం చేసేవోడండీ?"

కరుణ ఆయన కీబోర్డుని దగ్గరికి లాక్కుంది. దాని మీద ఒక్క అక్షరం మిగల్లేదు. మీటలన్నీ అరిగి నున్నగా ఉన్నాయి.